సుజ్జి అమ్మమ్మ తెచ్చిన దుంపలు

1981 నవంబరు 3

వచ్చేసింది. వరాలు వాళ్ళమ్మ, ఈయన మొదటి అత్తగారు.

స్టేషన్ నుంచి రిక్షాలో ఒక్కర్తే వచ్చింది. ఈయన నిన్ననే గూడ్సు మీద చక్రధర్‌పూర్ వెళ్ళిపోయారు. గార్డు ఉద్యోగం, కాల్ వస్తే ఆగదు. "నేను లేకపోతే ఏటి, నువ్వున్నావు కదా రవణా" అని ఒక మాట అనేసి, పచ్చజెండా ఎర్రజెండా పెట్టెలో పెట్టుకుని...

మనిషి చిన్నగా ఉంది. ఎందుకో నేను పెద్ద ఆకారాన్ని ఊహించుకున్నాను. చంకలో బట్టల మూట. వెనకాల రిక్షావాడు గోనెసంచి మోసుకొస్తున్నాడు. ఖరగ్‌పూర్‌లో బండి మారి ఇంత బరువు ఎలగ తెచ్చారండీ అంటే — "నానేటి మోసినాను, బండి మోసింది."

సంచి వసారాలో గుమ్మరించింది. మట్టితో సహా ఒక కంద, దూడ తలకాయంత. పెండలం. చేమదుంపలు. అన్నిటికీ అడుగున తీపి గుమ్మడికాయ. తన పెరట్లోవేనట. కూతురింటికి వచ్చినట్టే వచ్చింది... ఆ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

సుజ్జి బడి నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ లేవబోయి మళ్ళీ కూర్చుంది.  "అమ్మమ్మే, దండం పెట్టు" అన్నాను నేనే. అబద్ధం కాదు. ఏ అమ్మకి అమ్మో చెప్పలేదు, అంతే.

వరాలు పోయేసరికి సుజ్జికి ఏడాది నిండలేదు. నేను ఈ ఇంటికి వచ్చేసరికి మూడేళ్ళు. వచ్చిన వారానికే నన్ను అమ్మా అంది. నేను రాకముందే ఈయన వరాలు ఫొటో తీసి ట్రంకుపెట్టెలో పెట్టేశారు. పెద్దయ్యాక చెప్దాం అన్నారు. ఇప్పుడు ఏడేళ్ళు. ఎంతైతే పెద్దవడమో ఇద్దరం ఎప్పుడూ అనుకోలేదు.

సుజ్జి కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు ఆవిడ గొంతు తగ్గించి — "బాబు రాసినాడమ్మా, సుజ్జి గుంటకి తెలీదని. నానేటి అనను. కళ్ళారా సూసుకుని ఎల్లిపోతాను."

నవంబరు 4

ఏమని పిలవాలి ఆవిణ్ణి? అత్తయ్యా అంటే ఈయనకి అత్త, నాకు కాదు. పెద్దమ్మా అంటే సుజ్జి చెవులు నిక్కబొడుచుకుంటుంది. "ఏవండీ" తో నెట్టుకొస్తున్నాను.

నవంబరు 6

ఈ క్వార్టర్లోకి కంద రాదు. మొదటి ఏడు జుగ్సలాయి బజార్లో కొనుక్కొచ్చి వండితే ముగ్గురికీ గొంతులు దురద పుట్టి, బెల్లం నోట్లో పెట్టుకుని కూర్చున్నాం. అప్పట్నించి ఒట్టు.

ఇవాళ ఆవిడ కత్తిపీట ముందేసుకుంది.

"కడిగీసి తరిగినావు కాదేటి?"

అవునన్నాను.

"అదే మరి. కందకి తడి తగిలితే పగ. పొడి సేత్తో సెక్కు తియ్యాల. సేతులకి నూని రాసుకో. తరిగీసినాకే నీళ్ళు."

చింతపండు నీళ్ళలో పసుపు వేసి ఉడికించింది. దడి మీద పాకిన తీగ మీదికి చూపు పడింది. "ఇది బచ్చలి కాదేటి?" పక్క క్వార్టరు ఒడియా మౌసి 'పోయి సాగ్' అని పిలిచి, రొయ్యపొట్టు వేసి వండుకునే ఆకు! నాలుగేళ్ళుగా మా దడి మీదుంటే, ఎవరో పాకించిన తీగ అనుకుని నేను చెయ్యి పెట్టలేదు. ఆవిడ కళ్ళు చిట్లించి తీగ మొదలు చూసింది. "వరాలు ఏసుంటాది" అంది. 

కందా బచ్చలి. ఆవ నూరి, పొయ్యి మీంచి దింపి చల్లారాక కలపాలట. వేడి మీద కలిపితే చేదు.

ఈయన డ్యూటీ దిగొచ్చి అన్నంలో కలుపుకున్నారు. మొదటి ముద్ద. "అచ్చం..." అని ఆగిపోయారు. తల దించుకుని మొత్తం తినేశారు. మారు అడగలేదు. చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నవంబరు 7

ఎవరూ చూడని చోటైనా నిజం రాసుకోవాలి కదా. నిన్న నాకు కడుపు మండిపోయింది. నాలుగేళ్ళ నా వంటకి ఆయన ఎప్పుడూ మాట మధ్యలో ఆగిపోలేదు.

గొంతు మాత్రం దురద పెట్టలేదు. ఎవ్వరికీ.

నవంబరు 11

సుజ్జికీ ఆవిడకీ భాష కుదరడం లేదు. ఇది తెలుగు అర్థం చేసుకుంటుంది, ఇక్కడి బడి హిందీ కాబట్టి జవాబు హిందీలో. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు.

చేమదుంపల పులుసు పెడితే — "నహీ ఖావూంగీ, గలా ఖుజ్లాయేగా."

"ఏటంతంది గుంట?"

"గొంతు దురద పెడుతుందంటోందండీ."

"నా కంచంలోది తిని సూడమను. దురదెడితే నా ముక్కు కొయ్యమను."

సుజ్జి పగలబడి నవ్వింది. ఒకటి తింది. రెండోది అడక్కుండానే తీసుకుంది. సాయంత్రానికి ఆవిడకి థోడా, ఔర్, బస్ — కొంచెం, ఇంకా, చాలు — వచ్చేశాయి. అన్నం పెడుతూ "తోడా? అవురు?" అంటూంటే నాకూ నవ్వాగలేదు.

చాన్నాళ్ళైంది ఈ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు ఒకేసారి నవ్వి. చాన్నాళ్ళేమిటి... ఎప్పుడూ లేదు.

నవంబరు 12

రాత్రి పక్క తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళిపోయింది సుజ్జి. నా పక్కన ఖాళీ. చలి మొదలైంది.

నవంబరు 18

అయిదు రోజులు రాయలేదు. జ్వరం. చలిజ్వరం, దుప్పట్లు రెండు కప్పినా ఒణుకు. ఈయన రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళి మందు తెచ్చి, మళ్ళీ కాల్ వస్తే వెళ్ళిపోయారు.

అయిదు రోజులూ ఆవిడే. బొగ్గుల పొయ్యి రాజెయ్యడం రాక కళ్ళు ఎర్రగా చేసుకుంది మొదటి రోజు. ఊళ్ళో కట్టెలు కదా. మౌసి వచ్చి, బొగ్గుండలు ఎలగ పేర్చాలో చేతులతో చూపించిందట. ఒకరిది ఒడియా, ఒకరిది తెలుగు — వంటింట్లోంచి ఇద్దరి గొంతులూ వినిపిస్తూనే ఉన్నాయి, దెబ్బలాడుకుంటున్నట్టు.

నోరు చేదు. ఏదీ సయించలేదు. ఆవిడ పెండలం మెత్తగా ఉడికించి, ఉప్పూ మిరియమూ వేసి చిదిపి, వేడి అన్నంలో కలిపి నోటికి అందించింది. తినగలిగాను. జిగురుగా, కమ్మగా, గొంతులో దానంతటది జారిపోయింది.

మా అమ్మ పోయేటప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. తర్వాత వదినలు పెంచారు. తప్పు పట్టను, తిండి పెట్టారు. కానీ ముద్ద కలిపి నోట్లో పెట్టినవాళ్ళు లేరు.

జ్వరంలో మూలుగుతూ "అమ్మా" అన్నాను. అందరూ అంటారు, నొప్పి వస్తే అదే మాట. ఆవిడ "ఊఁ" అంది. "ఊఁ, ఇక్కడే ఉన్నాను."

నవంబరు 19

లేచాను. ఎండలో కూర్చున్నాను. బతికుండడం బాగుంది.

నవంబరు 25

గుమ్మడికాయ గొడవ.

వచ్చిన రోజు నుంచి వసారాలో కూర్చుంది అది. ఆడవాళ్ళు పగలగొట్టకూడదు. ముందు మగవాళ్ళ చెయ్యి పడాలి. ఈయన ఇంటికొచ్చేది నిద్రపోడానికి, లేపి గుమ్మడికాయ కొట్టమని ఎవరు చెప్తారు? మౌసి వాళ్ళాయన నైట్ డ్యూటీ. అలగ వాయిదా పడుతోంది. ఇవాళ చూస్తే తొడిమ దగ్గర మెత్తబడింది.

ఆవిడ కత్తి తీసింది.

మౌసి దడి అవతల నుంచి చూసి కేక — "అరే అమ్మా! ఔరత్ లోగ్ పూరా కద్దూ నహీ కాట్‌తే!"

"ఏటంతంది?"

చెప్పాను.

"మా ఆయన పోయినకాడినుంచి నా గుమ్మడికాయలు ఎవరు కొట్టినారంట? పాదు నాటిందెవరు, నీళ్ళు పోసిందెవరు? మొగోడు లేని కొంపలో కాయ కుళ్ళిపోవాలేటి?" అని ఒక్క వేటు.

లోపల పసుపు రంగు! కుళ్ళు పైపైనే. సగం మౌసికే ఇచ్చాం. మౌసి ముందు పుచ్చుకోనంది. తర్వాత పుచ్చుకుంది. సాయంత్రం ఒక గిన్నె వెనక్కొచ్చింది — కందిపప్పులో గుమ్మడీ చేమా ముల్లంగీ వేసి, పైన జీలకర్రా ఎండుమిరపకాయలూ వేయించి దంచిన పొడి. డాల్మా అంటారు. ఆవిడ రెండుసార్లు వడ్డించుకుంది.

మేం బెల్లం పెట్టి పులుసు చేశాం. చెక్కు కూడా పారెయ్యనివ్వలేదు, పచ్చడి. గింజలు చాట మీద ఎండుతున్నాయి. సుజ్జి అటూ ఇటూ తిరుగుతూ పచ్చివే కొరికేస్తోంది.

తింటూ తింటూ తలెత్తి అడిగింది — "మమ్మీ, పింకీ వాళ్ళ మమ్మీ తన అమ్మని 'మా' అంటుంది కదా. నువ్వు అమ్మమ్మని ఏవండీ అంటావేం?"

పూర్తిగా తెలుగులో అడిగింది. ఎప్పుడూ లేనిది.

పెద్దవాళ్ళని అలగే పిలవాలి, అన్నం తిను, అన్నాను.

డిసెంబరు 2

చెప్పేశాను.

ఈయన డ్యూటీ మీద లైన్లో ఉన్నారు. ఉంటే చెప్పనిచ్చేవారు కాదేమో. అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

మధ్యాహ్నం. బడికి సెలవు. ఆవిడ పెరట్లో పెండలం చెక్కు తీస్తోంది. నేను లోపల బియ్యం కడుగుతున్నాను. సుజ్జి గొంతు వినిపించింది.

"అమ్మమ్మా, మమ్మీ ఆప్‌కే పేట్ సే నిక్‌లీ హై?"

నేను ఆవిడ కడుపున పుట్టానా అని. ఆవిడకి అర్థం కాదనుకున్నాను. కానీ సుజ్జి తన పొట్ట మీద చెయ్యేసి చూపించి, నా వైపు చూపించింది. ఆవిడ చెయ్యి కత్తిపీట మీదే ఆగిపోయింది. తల ఎత్తి కిటికీలోంచి నన్ను చూసింది. ఔనంటే అబద్ధం. కాదంటే తను చెప్పనని మాటిచ్చిన సంగతి. "మీ అమ్మనడుగు తల్లీ" అంది.

వెళ్ళి సుజ్జి ముందు కూర్చున్నాను. ముందుగా ఏ మాటా అనుకోలేదు. నిన్ను కన్నమ్మ వేరే సుజ్జీ. పేరు వరాలు. అమ్మమ్మ కూతురు. నువ్వు చాలా చిన్నప్పుడు జబ్బు చేసి చచ్చిపోయింది. తర్వాత నేనొచ్చాను.

అంతే. పొయ్యి మీద ఎసరు కూడా ఇంకా మరగలేదు.

సుజ్జి ఏడవలేదు. నన్ను కొత్తగా చూసింది.

"ఫిర్ ఆప్ కౌన్ హో?"

మరి మీరెవరు అని. నన్ను ఎప్పుడూ తుమ్ అనే పిల్ల. ఆప్ అంది.



"ఏటంతంది?" అంది ఆవిడ. చెప్పాను, ఎలాగో.

"ఎవరేటి, ఎవరు! మీ అమ్మ. నాకు కూతురు. లే, ఎల్లి సేతులు కడుక్కో, అన్నం తిందువుగాని." మళ్ళీ పెండలం చేతిలోకి తీసుకుంది. మాట గట్టిగానే ఉంది. చెక్కుతో పాటు దుంప కూడా ఇంత మందాన తెగిపోతోంది, చూసుకోలేదు.

డిసెంబరు 3

నన్ను ఏమనీ పిలవడం లేదు. బడికెళ్ళేటప్పుడు జడ వేయించుకుంది. 

డిసెంబరు 4

అలగే.

ఆవిడ "కోపం కాదమ్మా, లెక్కలు సూసుకుంతంది గుంట" అంటుంది. నేను వంటింట్లోంచి బయటికి రావడం లేదు. ముల్లంగి సాంబారు, కంద వేపుడు, చిలగడదుంపలు బూడిదలో పెట్టి... ముగ్గురికి ఇంత వంట ఎందుకో.

డిసెంబరు 5

పొద్దుట అన్నం తింటూ —

"మమ్మీ, నమక్ కమ్ హై."

ఉప్పు తక్కువైందట. డబ్బా తీసుకెళ్ళి వేశాను. నిజంగానే తక్కువైంది. ఉప్పు వెయ్యడమే మర్చిపోయాను. వంటింట్లోకి వచ్చి తలుపు చాటున నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటూంటే ఆవిడ చూసింది, చూడనట్టు వెళ్ళిపోయింది.

ఎవరికి దండం పెట్టాలో తెలీలేదు. గోడ వైపు తిరిగి పెట్టాను.

డిసెంబరు 6

ఈయన వచ్చారు. చెప్పాను. మొహం ఎర్రబడింది.

"నన్నొక్క మాట అడక్కుండా ఎలగ చెప్పీసినావు?"

"మీరెప్పుడుంటారు అడగడానికి?"

అలాంటి మాట ఈయనతో నేను ఇంతకు ముందు అనలేదు. బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నారు. అప్పుడు ఆవిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి — "బాబూ, నా కూతుర్ని ఏటీ అనకు" అంది. వరాల్ని కాదు. నన్ను.

ఈయన లేచి ట్రంకుపెట్టె తెరిచారు. పాత స్వెట్టర్ల కింద, పంచెలో చుట్టి ఉంది. వరాలు. నాలుగేళ్ళలో నేనూ చూడలేదు. కుర్చీ మీద చెయ్యేసి నిలబడింది, భయపడుతున్నట్టు. నాకన్నా చిన్నది. నాకన్నా ఎంత చిన్నదో!

సుజ్జి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇన్‌కే కాన్ మేరే జైసే హై." తన చెవులు తడుముకుంది. తర్వాత పింకీ పిలిస్తే ఆడుకోడానికి పోయింది.

ఆవిడకి చూపు ఆనలేదు. వేలితో అద్దం మీద రాస్తూ "ఈ కోక నానే కొన్నాను, టెక్కలి సంతలో" అంది. వచ్చాక మొదటిసారి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

"అమ్మా, లే. పొయ్యి ఆరిపోతోంది" అన్నాను.

పిలవాలని అనుకుని పిలవలేదు. వచ్చేసింది.

డిసెంబరు 7

హాల్లో కిటికీ పక్కన మేకు కొట్టారు ఈయన. ఫొటో బాగుంది అక్కడ. వెలుతురు పడుతుంది.

డిసెంబరు 13

ఆదివారం. ఈయన బిష్టుపూర్ బజారు నుంచి బూడిద గుమ్మడికాయ మోసుకొచ్చారు, తనంతట తనే కొట్టి ఇచ్చారు కూడా! వడియాలకి కొబ్బరికోరులా కోరుతూ కూర్చున్నారు నాతో పాటు.  కాసేపటికి —

"ఆ రోజు కందా బచ్చలి తిని లేచి వెళ్ళిపోయినాను కదా. నీకు కష్టం వేసిందేటి?"

వేసింది అన్నాను.

"నాకు తెలుసు" అన్నారు. కోరడం మధ్యలో ఆపి, నా చెయ్యి మీద అంటుకున్న ముక్క తీశారు.

ఇదంతా ఎవరి పుణ్యం? ఆవిడదే. గోనెసంచిలో తెచ్చింది దుంపలే అనుకున్నాను.

డిసెంబరు 16

ఆవిడ వెళ్తానంటోంది. ఇంటికి తాళం వేసి వచ్చింది, కోతలయ్యాయి, పాలికిచ్చిన పొలం లెక్క చూసుకోవాలి. ఉండిపోమ్మా అన్నాను. ఈయన కూడా అన్నారు. "అల్లుడింట్లో ఎన్నాళ్ళుంటాను" అని నవ్వింది.

తర్వాత, నాతో ఒక్కర్తితోనే —

"బడాదిన్ సెలవులంట కదా, కిస్మసుకి. గుంటని నాతో అంపుతావేటి? ఆళ్ళమ్మ పుట్టిన ఇల్లు సూపిత్తాను. బడి తెరిసేసరికి వచ్చెత్తాది."

పప్పు కలుపుతున్నాను. కలుపుతూనే ఉన్నాను.

"నువ్వు కాదంటే నాకు కష్టం లేదమ్మా. నిజంగా."

డిసెంబరు 17

ఈయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. నా ఇష్టం! అక్కడ ఊరంతా చుట్టాలు. వరాలు కూతురు వరాలు కూతురని ముద్దు చేస్తారు. కోళ్ళు, పెరడు, పాదులు. తిరిగొచ్చి ఈ పొగలో, ఈ రెండు గదుల్లో...

సుజ్జిని అడిగాను. "తుమ్ భీ చలో నా." నువ్వు కూడా రా.

తుమ్ అంది.

డిసెంబరు 18

పంపుతాను అని చెప్పాను. ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టింది.

డిసెంబరు 22

రైలెక్కించాం. ఈయన ఖరగ్‌పూర్ దాకా వెళ్ళి అక్కడ పలాస వైపు బండి ఎక్కించి వస్తారు. వచ్చినప్పటి గోనెసంచే మళ్ళీ తీసుకెళ్ళింది, ఖాళీగా కాదు. గుమ్మడి గింజలు, వడియాలు, మౌసి ఇచ్చిన డాల్మా పొడి. "ఆవిడకి సెప్పు, మా ఊళ్ళో అందరికీ పెడతానని."

"మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా?" అన్నాను కిటికీ దగ్గర. కూత వేసింది బండి. ఏదో అంది. వినపడలేదు.

డిసెంబరు 26

ఇల్లు నిశ్శబ్దం. ఇద్దరికి వంట చెయ్యడం మర్చిపోయాను, మిగిలిపోతోంది. రోజూ మౌసికి ఒక గిన్నె.

పలాస నుంచి వచ్చిన గార్డు ఒకాయన ఈయనకి కబురు చెప్పారట — పిల్ల బాగుంది, చెట్లెక్కుతోంది, తెలుగు దంచేస్తోంది అని.

సంతోషమే.

డిసెంబరు 29

జుగ్సలాయి బజారుకి వెళ్ళాను. ఆదివాసీ ఆడవాళ్ళు నేల మీద పరిచి అమ్ముతున్నారు — కంద, చేమ, ఎర్ర చిలగడదుంపలు. కంద ముక్క కోయించి, గోరు గుచ్చి చూసి బేరం చేశాను. ఆవిడ చూస్తే నవ్వేది. నాలుగేళ్ళుగా ఆ వరస దాటుకుని పోయేదాన్ని, అటు చూసేదాన్నే కాదు.

1982 జనవరి 3

కబురొచ్చింది. ఇవాళ సాయంత్రం బండికి సుజ్జి వస్తోంది. ఊళ్ళోవాళ్ళు ఎవరో ఇక్కడి బిర్సానగర్‌లో తమ్ముడింటికి వస్తున్నారట, వాళ్ళతో రావచ్చు. లేకపోతే ఆవిడే తీసుకొస్తుంది. కబురు తెచ్చినాయనకి ఏదో సరిగ్గా తెలీదు. "పిల్ల వస్తోందన్నారమ్మా, అంతే" అన్నాడు.

ఈయన స్టేషన్‌కి వెళ్ళారు. రేపు బడి.

పొడి చేత్తో చెక్కు తీశాను. నూనె రాసుకున్నాను. దడి మీద బచ్చలి కోశాను. కంద ఉడికింది, మెదిపాను, ఆవ నూరి పక్కన పెట్టాను. పోపు మూకుడు పొయ్యి మీద ఉంది, నూనె కాగుతోంది.

ఎండుమిరపకాయలు ఎన్ని వెయ్యాలి? సుజ్జి ఒక్కర్తే అయితే రెండు చాలు. ఆవిడకైతే ఆరన్నా చాలవు, కారం లేకపోతే ముద్ద దిగదు ఆవిడకి.

బండి కూత వినిపించింది. మిరపకాయల డబ్బా మూత తీసి నిలబడ్డాను...